స్పిరిటు నాది, సూది ఆమెది

ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు. నా అలవాట్లు తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వుతారని తెలుసు కనుక వట్టి మాటతో సరిపెట్టడం లేదు. ఇన్నేళ్ళు నేను మోసిన బీపీ మిషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అందులో పాదరసం ఎంత నిటారుగా నిలబడుతుందో అంత నిటారుగా చెబుతాను. పాదరసం పైకీ కిందికీ పోతుంది కదా అంటారా? పోతుంది. కాని చివరికి ఒకచోట ఆగి ఉన్నది చెబుతుంది. నేనూ అంతే.

తొంభైల చివరి రోజులు. నర్సింగ్‌లో మూడేళ్ళ శిక్షణ పూర్తి చేసి బయటికొచ్చాను. ఆఖరి బోర్డు పరీక్ష మాత్రం వాయిదా పడింది. ఎందుకు పడిందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. చదవనివాడికి వాయిదాను మించిన శుభవార్త ఏముంటుంది? ఆ పరీక్ష పాసై, కౌన్సిల్లో పేరెక్కి, రిజిస్ట్రేషన్ నంబరు చేతికొస్తేనే మనిషి నర్సవుతాడు. అప్పటిదాకా నేను ఏమిటన్నది ఎవరికీ స్పష్టంగా తెలియదు. రోగులు డాక్టర్ సాబ్ అనేవారు. డాక్టరుగారు అబ్బీ అనేవారు. ఆయా నన్ను కాంపౌండరు అనేది. మా అమ్మ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇరుగుపొరుగుకు 'మావాడు మెడికల్ లైనండి' అని చెప్పి, ఇంకో ప్రశ్న రాకముందే తలుపు వేసుకునేది.

పని దొరికిన చోటు మాదాపూర్ దారిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్. కింద అంతస్తులో మందుల కొట్టు, పైన మంచాలు, ఆ పైన డాక్టరుగారి ఇల్లు. చుట్టూ బండలే. హైటెక్ సిటీ అనే మాట అప్పటికే పేపర్లలో వచ్చేసింది గాని, నేల మీదికి ఇంకా పూర్తిగా రాలేదు. ఒక పెద్ద భవనం అద్దాలు తొడుక్కుంటూ ఉండేది. దాని పక్కనే మేకలు మేసేవి. రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేవారు. ముందు ఈల, తర్వాత ఎర్రజెండా, తర్వాత ఢాం. మా గ్లూకోజు సీసాలన్నీ ఒకసారి వణికి, మళ్ళీ పనిలో పడేవి.

అక్కడ నన్ను ఏలినది హెడ్ సిస్టర్. కాకినాడ వైపు మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్లచీర, నవ్వితే ఎక్కడ నలుగుతుందో అన్నట్టుండే ముఖం. చేరిన రోజునే నా పరిధి చెప్పేసింది.

"జ్వరం చూడు, బీపీ చూడు, పక్కలు సర్దు, కట్లు కట్టు. సూది వేసేచోట స్పిరిటు రాయి. అంతవరకూ నీది. సూది దగ్గర్నించి నాది. నంబరు లేని చేతికి నేను సిరంజి ఇవ్వనయ్యా."

"శిక్షణలో వేశానండీ సిస్టర్."

"అక్కడ ట్యూటరు నీ పక్కన నిలబడింది. ఇక్కడ నేను నిలబడను. నాకు వేరే పనుంది."

నాకు లోలోపల హాయిగానే అనిపించింది. ఎందుకంటే నా చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు. శిక్షణలో నేను సూది వేసినవాళ్ళంతా కేక పెట్టేవారు. మందు మంట అని సరిపెట్టుకునేవాణ్ణి. ఒకరోజు పక్క మంచం మీది మనిషికి అదే మందు మా బ్యాచి అమ్మాయి వేసింది. ఆ మనిషి ఆవులించాడు. ఆనాటి నుంచి మందును నిందించడం మానేశాను.

మరి సిస్టర్ చెయ్యి తేలికా అంటే, ఊళ్ళో దానికీ మంచి పేరు లేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చెయ్యి బరువు కాదు, రాక బరువు. వరండా చివర స్టీలు ట్రే గలగలమంటే చాలు, మంచం మీది మనిషి వెదురుబొంగులా బిగుసుకుపోయేవాడు. బిగిసిన కండలోకి దిగితే ఏ సూదైనా నొప్పే. ఆ నొప్పి ఆమె ఖాతాలో పడేది.

ఇలా ఉండగా ఒక సోమవారం ఖాజాగూడ నుంచి పటేలు వచ్చాడు. చెరువు పక్కన కొంత పొలం, అంతకు పదింతలు బండలు ఉన్న ఆసామి. మొన్నమొన్నటి దాకా ఆ బండలు మేకలెక్కడానికే పనికొచ్చేవి. ఇప్పుడు వాటికీ గజాల్లో ధర పలుకుతోంది. ఆయనకు పెద్ద జబ్బేమీ లేదు. వారం వారం బలం సూది పడాలి. బీ కాంప్లెక్సు. బిళ్ళలిస్తే పుచ్చుకునేవాడు కాదు. "గోలీలు పోరగాండ్లకు. మనిషన్నంక సూది పడాలె" అనేవాడు. ఆ మందు మామూలుగానే మంట. ఆయన కూడా సిస్టర్ ట్రే చప్పుడు వినగానే ధోవతి బిగించుకుని లేచాడు.

"ఆమె ఏస్తదా? పోయినపాలి ఎద్దు తన్నినట్టయింది. రెండు దినాలు ఒక్క దిక్కే కూసున్న. నాకొద్దు, నేను పోత."

మా డాక్టరుగారిది కర్నూలు వైపు. వారానికోసారి వచ్చే పేషెంటు వెళ్ళిపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. "యాడికి పోతావు పెద్దాయనా, ఉండు" అని ఆయన్ని పండబెట్టించి, నా వైపు తిరిగారు. "అబ్బీ, ఆయప్పను గోడ పక్కకు తిప్పు. స్పిరిటు పూస్తా ఏందన్నా మాట్లాడిస్తా ఉండు."

ఏం మాట్లాడాలో తోచలేదు. తోచనప్పుడు ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఎవరైనా అడిగే ప్రశ్నే నేనూ అడిగాను.

"పటేలుగారూ, మీ వైపు గజం ఎంత పలుకుతోందండీ?"

ఆయన వీపులోకి ఒక్కసారి చైతన్యం వచ్చింది. "ఎవలు జెప్పిన్రు నేను అమ్ముతున్ననని? మొన్న ఒకడు కార్ల వచ్చిండు పిల్లగా. నల్లద్దాలు పెట్టిండు. నా బండ మీద చెయ్యేసి, గిది ఎంత అంటడు. బిడ్డా, గది బండరా, దాని మీద గడ్డి గూడ మొలవది అన్న. మొలవకుంటెనే మంచిది అంకుల్ అంటడు. అంకులట! నేను వానికి ఎప్పుడు అంకులైన?"

సరిగ్గా అప్పుడు బయట ఈల, జెండా, ఢాం. ఆ చప్పుడులో సిస్టర్ వచ్చింది. సూది దించింది, తీసింది, వెళ్ళిపోయింది. నేను దూదితో రుద్దుతూనే ఉన్నాను. పటేలు నల్లద్దాలవాణ్ణి తిడుతూనే ఉన్నాడు. కాసేపటికి విసుగొచ్చింది.

"ఇగ ఎయ్యి పిల్లగా. ఎంతసేపు రుద్దుతవ్, తోలు ఊడుతది."

"అయిపోయిందండీ."

"అయిపోయిందా? ఎప్పుడేసినవ్?"

ఇటు తిరిగి చూశాడు. గదిలో నేను ఒక్కణ్ణే, చేతిలో దూది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. గుమ్మంలో నిలబడ్డ డాక్టరుగారు ఒక్క చూపు చూశారు. మూసుకున్నాను.

"హస్తవాసి అంటే గిది!" అని పటేలు మంచం దిగి నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు, అందులో ఎక్కడో రాసి ఉన్నట్టు. "సారూ, ఇంత మంచి చెయ్యిని పెట్టుకొని స్పిరిటు రుద్దిపిస్తవేంది?"

ఆయన వెళ్ళాక డాక్టరుగారు సిస్టర్‌ని పిలిచి కొత్త ఏర్పాటు వివరించారు. "చెయ్యి మీది, నోరు వానిది. రూలు యాడన్నా తప్పినామా సిస్టర్?"

ఆమె లెక్క చూసుకుంది. సిరంజి ఆమె చేతిలోనే ఉంది. సంతకం ఆమెదే. "రూలు పోలేదు సార్" అంది చివరికి. "నా పేరే పోయింది."

అలా మొదలైంది నా కీర్తి. చెయ్యని పనికి వచ్చే కీర్తి ఎంత వేగంగా పెరుగుతుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. హఫీజ్‌పేట్ నుంచి రైల్వే వాళ్ళు వచ్చేవారు, "ఆ అబ్బాయి డ్యూటీలో ఉన్నాడా?" అని వాకబు చేసుకుని మరీ. నేను సెలవు పెట్టిన రోజున జ్వరాలు మరునాటికి వాయిదా వేసుకునేవారు. గోడవైపు పేషెంటు ముఖం, వెనక తెర, తెర వెనక సిస్టర్. ట్రే చప్పుడు చెయ్యకుండా అడుగున గుడ్డ పరిచింది. పని పట్ల ఆమెకున్న నిష్ఠ అది. తన పేరు పోగొట్టే పనినైనా శుభ్రంగా చేసేది.

నా విద్య అంతా ప్రశ్నలో ఉండేది. మనిషిని బట్టి ప్రశ్న. కూకట్‌పల్లి నుంచి వచ్చే మా కోస్తా ఆడవాళ్ళను "మీది ఏ జిల్లా అండీ?" అంటే చాలు, వాళ్ళు జిల్లా నుంచి ఊరికి, ఊరి నుంచి వీధికి, వీధి నుంచి మా మేనత్త తోడికోడలికి చేరేలోపు రెండు సూదులు వేయొచ్చు. కంప్యూటరు కోర్సు కుర్రాళ్ళను "రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయటగా?" అని అడిగేవాణ్ణి. వాళ్ళకు సూది దిగిందని తెలిసేసరికి ఆ సంవత్సరమే వచ్చేసేట్టు ఉండేది. ఇక భూములున్నవాళ్ళకు గజం ధర. అంతకు మించిన మత్తుమందు వైద్యశాస్త్రంలో లేదు.

కానుకలూ వచ్చేవి. పటేలు ప్రతి సోమవారం ఒక బుట్ట తెచ్చేవాడు. వానల్లో మొక్కజొన్న కంకులు, తర్వాత సీతాఫలాలు, చలికాలంలో జామకాయలు. బుట్ట నా చేతికే ఇచ్చేవాడు. ఆయన వెళ్ళగానే సిస్టర్ వచ్చి నిలబడేది.

"సూది నాది, సీతాఫలాలు నీకూనా? ఇటు పెట్టు."

సగానికి సగం పంచుకునేది. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు కాకుండా ఎంతో న్యాయంగా పంచేది. ఆ న్యాయమే నన్ను ఎక్కువ బాధపెట్టేది. పంచుతూ ప్రతిసారీ ఒకటే మాట.

"నీకు నంబరు రానీ. వచ్చిన రోజు మొదటి సూది ఈ పటేలుకే. నువ్వే వేద్దువుగాని. నేను పక్కన నిలబడి చూస్తాను. నీ హస్తవాసి ఏపాటిదో ఆయనకూ తెలియాలిగా."

అప్పటి నుంచి నాకు విచిత్రమైన భయం పట్టుకుంది. బ్యాచిలో మిగతావాళ్ళు పరీక్ష తప్పుతామేమోనని భయపడేవారు. నేను పాసవుతానేమోనని భయపడేవాణ్ణి.

ఇంతలో బర్రె వ్యవహారం వచ్చింది. నమ్మండి. పటేలు ఇంట ఒక ముర్రా బర్రె ఉంది. పాలు పట్నమంతా పోస్తాననే రకం, సూది కనిపిస్తే కట్టుకొయ్య పీక్కుని చెరువులోకి పోయే రకం. ఒకరోజు పటేలు స్కూటరు మీద వచ్చి, "నడువు పిల్లగా, జర మా బర్రెకు గూడ నీ చెయ్యి పడాలె" అన్నాడు. అది నా పరిధి కాదన్నాను. "నువ్వు ఏం ఫికర్ చెయ్యకు, ముంగట నిలవడు" అన్నాడు. నాకు అలవాటైన పనే. వెళ్ళాను. బండల మధ్య కొట్టం, ఊరు సగం అక్కడే ఉంది. గొడ్ల డాక్టరు రోకలంత సిరంజితో వెనక నిలబడ్డాడు, నేను బర్రె తల దగ్గర. అలవాటు కొద్దీ దాని చెవిలో అడిగాను, "మీ వైపు గజం ఎంత పలుకుతోందండీ?" అని. బర్రె రెండు చెవులూ నా వైపు తిప్పింది. ఆలోచిస్తున్నట్టు మేత నమలడం ఆపింది. వెనక పని అయిపోయింది. తోక ఒకసారి ఊపి మళ్ళీ నమలసాగింది.

"చూసిన్రా? చూసిన్రా?" అని పటేలు ఊరి మీద పడ్డాడు.

గొడ్ల డాక్టరు సిరంజి కడుక్కుంటూ నన్ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, ఏ కాలేజ్ల సదివినవ్?"

చెప్పాను. చదువు అయింది, పరీక్ష కాలేదన్నాను.

"నంబర్ లేదా? మస్తు. నాకు నంబరుంది, బర్రె నన్ను చూస్తనే ఉరుకుతది" అని నిట్టూర్చాడు.

చివరికి బోర్డువారికి దయ కలిగింది. పరీక్ష జరిగింది. ఫలితం వచ్చింది, పాసయ్యాను. కౌన్సిలు నుంచి నంబరూ వచ్చింది. అమ్మ మొదటిసారి తలుపు తెరిచి పెట్టుకుని కాలనీకంతా చెప్పింది. డాక్టరుగారు చెయ్యి కలిపి, "ఇంగ నువ్వు నర్సువప్పా" అన్నారు. సిస్టర్ మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. మర్నాడు సోమవారం.

పటేలు ఎండలో పడి వచ్చాడు. చేతిలో బుట్ట నిండా తాటి ముంజలు. బుట్ట నాకిచ్చి, తనే మంచమెక్కి, తనే గోడవైపు తిరిగాడు. సిస్టర్ తెర వెనక్కి పోలేదు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. సిరంజి మొదటిసారి నా ట్రేలో ఉంది.

స్పిరిటు రాశాను. "పటేలుగారూ, మీ వైపు గజం..." అని మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఒక మనిషి నోరూ చెయ్యీ ఒకేసారి పని చెయ్యవని. సిరంజిలో గాలి తీసేసరికి మాట ఆగిపోయింది. చోటు చూసుకునేసరికి తర్వాతి ప్రశ్న మరిచిపోయాను. గదిలో నిశ్శబ్దం. అన్ని నెలల్లో ఆ గదిలో అంత నిశ్శబ్దం లేదు. పటేలు వీపు మెల్లగా బిగుసుకోవడం కళ్ళారా చూశాను. బయట ఈల కూడా వినబడలేదు. దించాను.

"సచ్చిన్రో!"

ఆ కేకకు కింద మందుల కొట్లో సీసా ఒకటి పగిలింది. మేకలు బండ దిగి పారిపోయాయి. పటేలు గిరుక్కున తిరిగాడు. గుమ్మంలో సిస్టర్‌ని చూశాడు. అంతే, ఆయనకు అంతా అర్థమైపోయింది.

"గీ సిస్టరమ్మ ఎందుకేసింది? ఏమయ్యింది పిల్లగా నీ చెయ్యికి? నేను నీ కాడికొస్తె ఆమెతోని ఏపిస్తవా?"

నేను సిస్టర్ వైపు చూశాను. ఇన్నాళ్ళూ ఆమె ఎదురుచూసిన క్షణం. ఒక్క మాట చాలు. ఆమె చేతులు విప్పింది, చీర సర్దుకుంది.

"అవునండి, నేనే వేశాను. చెయ్యి కొంచెం జారింది. వచ్చేవారం అబ్బాయి చేతే వేయిస్తాలెండి."

ఆ వచ్చే సోమవారం మేం స్థానాలు మార్చుకున్నాం. ఆమె దూదితో స్పిరిటు రుద్దుతూ, "ఏవండీ, మీ పక్కన గజం ఎంతంటున్నారు? మాకూ ఓ ముక్క చూసిపెట్టండి" అని బేరం మొదలుపెట్టింది. పటేలు ఆమెకు రెండు ప్లాట్లు అమ్మేలోపు వెనక నా పని అయిపోయింది. ఆయన తిరిగి చూసేసరికి చేతిలో దూదితో ఆమే ఉంది. "సిస్టరమ్మ చెయ్యి మంచిగైంది!" అని ఆయన మెచ్చుకుని, బుట్ట ఆమెకిచ్చి వెళ్ళాడు. నంబరు నాది, సూది నాది. ముంజలు ఆమెవి.

ఈ కథ ఇన్నేళ్ళుగా ఇక్కడితోనే ఆపుతూ వచ్చాను. నలుగురిలో చెబితే ఇక్కడ నవ్వుతారు, టీ తెప్పిస్తారు. కాని మొదట్లో బీపీ మిషను మీద ప్రమాణం చేశాను కనుక పాదరసం ఒకచోట ఆగాలి.

మీరు అనుకుంటున్నది కాదు. బర్రె నిజం. చెవులు తిప్పడం కూడా నిజం. నేను కల్పించింది కేక.

పటేలు అరవలేదు. సీసా పగల్లేదు. మేకలు ఎక్కడివక్కడే మేశాయి. తనే వేశానని సిస్టర్ చెప్పిన మాటా, తర్వాతి వారం స్థానాలు మారడమూ ఆ కేక వెంట పుట్టినవే. నిజంగా జరిగిందేమిటంటే, నేను మాట మరిచిపోయాక ఆ నిశ్శబ్దంలో పటేలే అందుకున్నాడు. నేనడగకుండానే నల్లద్దాలవాడు మళ్ళీ వచ్చిన సంగతి మొదలుపెట్టాడు. నేను సూది దించాను, తీశాను, దూది పెట్టాను. ఆయన ఆ నల్లద్దాలవాణ్ణి తిట్టడం అయ్యాక, "అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందన్నాను. లేచి ధోవతి సర్దుకుని, ఎప్పటిలాగే నా హస్తవాసిని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆయన లెక్కలో ఆ సోమవారానికీ అంతకు ముందు సోమవారాలకూ తేడా ఏమీ లేదు. నా జన్మలో మొదటిసారి ఒక మనిషి నా సూదికి అరవకపోతే, ఆ సంగతి ఆ మనిషికే తెలియలేదు. దీన్ని నలుగురిలో ఎలా చెప్పను? ఎవరు నవ్వుతారు?

తెలిసింది ఒక్కరికే. నేను అలవాటు ప్రకారం ముంజలు రెండు వాటాలు వేసి, ఒక వాటా సిస్టర్ బల్ల మీద పెట్టాను. ఆమె సంతకాల పని ఆపకుండానే, తలెత్తకుండానే ఆ వాటాను నా వైపు నెట్టింది.

"ఇవాళ్టివి నీవేనయ్యా."